హైదరాబాద్‌లో ఫ్లాట్ షేరింగ్: సరిపడే రూమ్మేట్‌ని వెతుక్కోవడం ఎలా?

"ఫ్లాట్ చూసుకున్నాను, అద్దె ఒక్కడినే మోయలేను, రూమ్మేట్‌ని ఎలా పట్టుకోవాలి?" అని అడిగేవాళ్ళు ఎంతమందో, "రూమ్మేట్ మంచివాడే, కానీ ఒక ఇంట్లో ఉండలేకపోతున్నాం, ఏం చేయమంటారు?" అని అడిగేవాళ్ళూ అంతమంది ఉన్నారు. రెండో ప్రశ్నకు చేయగలిగింది తక్కువ. మొదటి దగ్గరే జాగ్రత్తపడితే రెండోది చాలావరకు రాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇది హైదరాబాద్‌కి ఉద్యోగానికో కోచింగ్‌కో వచ్చి, హాస్టల్ సాంబారుతో విసిగిపోయి, ఇద్దరు ముగ్గురు కలిసి డబుల్ బెడ్‌రూమ్ తీసుకుందామనుకునేవాళ్ళ కోసం. బెంగళూరైనా పుణె అయినా పద్ధతి ఇదే, అడ్వాన్సు లెక్కలు మాత్రం ఊరిని బట్టి మారతాయి.

ఒక్క మాట ముందే చెప్తాను. మనలో చాలామంది "మన జిల్లావాడా, మన కాలేజీనా, మనవాళ్ళేనా" అని చూసుకుంటారు. గొడవలు పుట్టేది మాత్రం అక్కడ కాదు. సింకులో గిన్నెల దగ్గర, రాత్రి రెండింటికి వెలిగే లైటు దగ్గర, పదో తారీఖు దాటినా రాని అద్దె దగ్గర, ఇంటర్వ్యూకని వచ్చి నెలైనా కదలని కజిన్ దగ్గర. కాబట్టి చూడాల్సినవి నాలుగే: వేళలు, డబ్బు, వంటిల్లు, వచ్చిపోయేవాళ్ళు. కులం అడిగి రూమ్మేట్‌ని తెచ్చుకున్నవాళ్ళ ఇళ్ళలో కూడా గిన్నెలు అలాగే పేరుకుంటాయి.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- నెలకి మీరు పెట్టగల మొత్తం. అద్దె ఒక్కటే కాదు, అన్నీ కలిపి.
- మీ షిఫ్టు వేళలు, ఇంటి నుంచి పని చేసే రోజులు.
- కంపెనీ లేదా కాలేజీ ఐడీ, మాస్క్‌డ్ ఆధార్ (ఆధార్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, చివరి 4 అంకెలు మాత్రమే కనిపిస్తాయి).
- ఫ్లాట్ మీ చేతిలో ఉంటే: గదులు, బాత్రూమ్, వంటిల్లు, పార్కింగ్ ఫొటోలు, ఓనర్ పెట్టిన రూల్స్.
- కనీసం మూడు వారాల గడువు. నెలాఖరున వెతకడం మొదలుపెడితే ఎవరు దొరికితే వాళ్ళే రూమ్మేట్.

1. మీ గురించి మీరు నిజం రాసుకోండి

కాగితం మీద రెండు వరుసలు. ఒకవైపు "అస్సలు కుదరనివి", మూడుకు మించొద్దు. ఇంట్లో సిగరెట్ కుదరదు, నాన్‌వెజ్ వండటం కుదరదు, రాత్రి పదకొండు తర్వాత హాల్లో టీవీ కుదరదు, ఇలా. పది రాసుకున్నారంటే మీకు కావలసింది రూమ్మేట్ కాదు, సింగిల్ బెడ్‌రూమ్.

రెండోవైపు, మీతో ఉండేవాళ్ళు భరించాల్సినవి. ఉదయం ఐదింటికి అలారం మూడుసార్లు మోగుతుందా? రోజూ రాత్రి గంటసేపు ఫోన్ మాట్లాడతారా? వారాంతం బిర్యానీ వండి స్టవ్ మర్నాడు తుడుస్తారా? ఈ వరుస రాయడం కష్టం, ఉపయోగపడేది మాత్రం ఇదే.

2. ఓనర్ ఏమన్నారో స్పష్టంగా అడగండి

"బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అనే బోర్డులు దాటుకుని ఇల్లు సంపాదించాక, రూల్స్ అడగడానికి చాలామంది జంకుతారు. జంకొద్దు. ఎంతమంది ఉండొచ్చు? మనిషి మారితే ముందే చెప్పాలా? నాన్‌వెజ్ సంగతేంటి? గేటు ఎన్నింటికి వేస్తారు? అమ్మానాన్నలు వచ్చి వారం ఉంటే అభ్యంతరమా? బైకులు ఎన్ని పెట్టుకోవచ్చు? ఇవి తెలియకుండా రూమ్మేట్‌కి మాటిచ్చేస్తే, తర్వాత ఇద్దరి మధ్యా నలిగేది మీరే.

ఫ్లాట్ ఇంకా తీసుకోలేదా? అయితే ముందు రూమ్మేట్‌ని ఖాయం చేసుకుని ఇద్దరూ కలిసి ఇల్లు చూడటం మేలు. మియాపూర్‌లో మెట్రో పక్కన ఉండాలని ఒకరు, గచ్చిబౌలి ఆఫీసుకి నడిచి వెళ్ళాలని ఒకరు అనుకుంటే ఆ తేడా ఇల్లు చూసేటప్పుడే బయటపడుతుంది.

3. లెక్క పూర్తిగా వేయండి

అద్దె సగం సగం అనుకుని ఊరుకోకండి. మెయింటెనెన్స్, కరెంటు, ఇంటర్నెట్, వాటర్ క్యాన్లు, గ్యాస్, పనిమనిషి, వంటమనిషి, వేసవిలో కొన్ని అపార్ట్‌మెంట్లలో విడిగా వసూలు చేసే ట్యాంకర్ డబ్బులు, అన్నీ రాయండి.

ఉదాహరణకి అద్దె 30,000, మెయింటెనెన్స్ 3,000 అనుకుందాం. ముగ్గురు. అటాచ్డ్ బాత్రూమ్ ఉన్న పెద్ద గదిలో ఒక్కరే ఉంటే, చిన్న గదిలో ఇద్దరుంటే, తలా 11,000 అనడం అన్యాయం. ఒంటరి గదికి 13,000, మిగతా ఇద్దరికీ చెరి 10,000 పెడితే 33,000 సరిపోతుంది. ఇద్దరే ఉండి గదుల రేటు తెగకపోతే చిట్కా ఉంది: ఒకరు రెండు గదులకూ రేటు చెప్పాలి, రెండోవాళ్ళు ముందు గది ఎంచుకోవాలి. రేటు చెప్పేవాళ్ళకి ఏ గది వస్తుందో తెలియదు కాబట్టి న్యాయంగానే చెప్తారు.

ఏసీ ఉన్న గది గొడవ వేరు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకి సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర యూనిట్లు తాగుతుంది. పైగా యూనిట్లు పెరిగేకొద్దీ ధర కూడా పెరిగే శ్లాబు పద్ధతి మనది. అందుకని జనవరి, ఫిబ్రవరి బిల్లును మామూలు ఖర్చుగా తీసుకుని అందరూ సమానంగా పంచుకోండి, వేసవిలో దానికి పైన వచ్చినంతా ఏసీ గదివాళ్ళు కట్టాలి. ఆ గదికి విడిగా సబ్ మీటర్ పెట్టించుకోగలిగితే ఇంకా మంచిది.

4. ప్రకటన సూటిగా రాయండి

తెలిసినవాళ్ళకి తెలిసినవాళ్ళ దగ్గర మొదలుపెట్టండి: ఆఫీసు చాట్ గ్రూపు, కాలేజీ వాట్సాప్ గ్రూపు, పాత పీజీ మిత్రులు. తర్వాత ఫేస్‌బుక్‌లోని ఫ్లాట్‌మేట్ గ్రూపులు, నోబ్రోకర్ లాంటి యాప్‌లు. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని కూడా అడగండి. ఏ ఫ్లాట్‌లో ఎవరు ఖాళీ చేస్తున్నారో యాప్ కంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

"మంచి, డీసెంట్ రూమ్మేట్ కావలెను" అని రాస్తే ఉపయోగం లేదు. ఇలా రాయండి:

"కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్. చిన్న గది ఖాళీ, బయట బాత్రూమ్. అద్దె, మెయింటెనెన్స్ కలిపి నెలకి 14,000. అడ్వాన్స్ 25,000. నేను పగటి షిఫ్టు, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని. ఇంట్లో నాన్‌వెజ్ వండుకోవచ్చు, సిగరెట్ వద్దు. వంటమనిషి ఉదయం ఏడింటికి వస్తుంది. వచ్చే నెల ఒకటి నుంచి, కనీసం ఆరు నెలలు ఉండేవాళ్ళు మెసేజ్ చేయండి. మీ షిఫ్టు వేళలు కూడా చెప్పండి."

చివరి వాక్యం కావాలనే పెట్టింది. షిఫ్టు చెప్పకుండా "ఈజ్ ఇట్ అవైలబుల్?" అని మాత్రమే పంపినవాళ్ళు ప్రకటన చదవలేదు.

హెచ్చరిక: ఫ్లాట్ నంబరు, ఫోన్ నంబరు బహిరంగంగా పెట్టొద్దు. మీరు గది వెతుక్కునేవాళ్ళయితే, చూడకుండా "టోకెన్" పంపొద్దు. "నేను ఊళ్ళో లేను, డ్యూటీలో ఉన్నాను, ఈ క్యూఆర్ స్కాన్ చేస్తే మీకే డబ్బు వస్తుంది" అంటే అక్కడితో ఆపేయండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు. పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ క్రైమ్ నంబరు 1930కి ఫోన్ చేయండి.

5. ఫోన్‌లో వడపోత

పది నిమిషాలు చాలు. షిఫ్టు, బడ్జెట్, ఎప్పటి నుంచి, ఎన్నాళ్ళు, మీ మూడు "కుదరనివి". ఒక్కటి తేడా వచ్చినా మర్యాదగా వద్దనండి. "చూద్దాం లెండి" అని నాన్చితే ఇద్దరి టైమూ పోతుంది.

6. నేరుగా కలవండి, జరిగినవి అడగండి

అసలు పని ఇక్కడుంది. "మీరు నీట్‌గా ఉంటారా?" అంటే లేదనేవాడు ఇంతవరకు పుట్టలేదు. "అడ్జస్ట్ అవుతారా?" అంటే అందరూ అవుతారు. అభిప్రాయం అడక్కండి, పోయిన వారం ఏం జరిగిందో అడగండి.

"నిన్న రాత్రి భోజనం ఎక్కడ చేశారు?" ఇది మొదటి ప్రశ్న. "కుక్కర్లో అన్నం పెట్టుకున్నా, కూర కర్రీ పాయింట్ నుంచి తెచ్చుకున్నా" అంటారు చాలామంది. మంచిదే. తర్వాత ఏమైందో అడగండి. రబ్బరు బ్యాండు వేసిన సాంబారు కవరు రాత్రంతా గట్టు మీదే ఉందా, చెత్తబుట్టలోకి వెళ్ళిందా? కుక్కర్ గిన్నె నానబెట్టారా, అడుగున ఎండిన మెతుకులతో పొద్దున పనమ్మాయి కోసం వదిలేశారా? నవ్వుతూనే అడగొచ్చు. నవ్వుతూనే నిజం చెప్తారు.

"ఇప్పుడున్న చోట అద్దె ఎన్నో తారీఖున కడతారు? ఎవరి అకౌంట్ నుంచి వెళ్తుంది?" టక్కున జవాబొస్తే డబ్బు విషయంలో లెక్క ఉన్న మనిషి. "ఏమో, మా ఫ్రెండ్ చూసుకుంటాడు" అంటే రేపటి నుంచి ఆ ఫ్రెండ్ మీరే.

"పోయిన రెండు నెలల్లో మీ రూమ్‌కి ఎవరెవరు వచ్చారు, ఎన్ని రోజులున్నారు?" అతిథులు రావడం తప్పు కాదు. మనం కూడా ఎవరో ఒకరి రూమ్‌లో చాప మీద పడుకుని ఇంటర్వ్యూలకి తిరిగినవాళ్ళమే. కానీ ఎన్ని రోజులు, నీళ్ళు, కరెంటు, వంటమనిషి ఖర్చు ఎవరిది అనేది ముందే తేలాలి. గర్ల్‌ఫ్రెండ్, బాయ్‌ఫ్రెండ్ రావడం గురించీ మొహమాటం లేకుండా ఇప్పుడే అడగండి. ఓనర్ రూల్ ఏమిటో మీరూ చెప్పండి.

"పాత రూమ్ ఎందుకు వదిలేస్తున్నారు?" ఆఫీసు మారింది, పెళ్ళి కుదిరి రూమ్మేట్ వెళ్ళిపోయాడు, ఇలాంటివి మామూలు. ఇంతకుముందున్న రూమ్మేట్లందరూ దుర్మార్గులే అని కథలు చెప్తుంటే మాత్రం, తర్వాతి కథలో మీరుంటారు.

"మీ రూమ్మేట్ మీ మీద చేసే కంప్లయింట్ ఏంటి?" నాకు నచ్చిన ప్రశ్న ఇది. "బాత్రూమ్‌లో ఎక్కువసేపు ఉంటానంటాడు" అని చెప్పేవాళ్ళతో వేగొచ్చు. "అలాంటివేం లేవండీ" అనేవాళ్ళని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి.

వేళల విషయంలో కాస్త లోతుగా వెళ్ళాలి. యూఎస్ షిఫ్టు మనిషి తెల్లవారుజామున క్యాబ్ దిగి వస్తాడు, తలుపు, గీజర్, మైక్రోవేవ్ చప్పుళ్ళు అప్పుడే. మీరు పగటి షిఫ్టు అయితే, వేరు వేరు గదులున్నప్పుడు ఈ జోడీ బాగానే కుదురుతుంది, బాత్రూమ్ కోసం తోపులాట ఉండదు. ఒకే గదిలో అయితే వద్దే వద్దు. ఇంకో చిన్న చిక్కు: వంటమనిషి ఏడింటికి బెల్ కొడితే తలుపు తీసేదెవరు? రాత్రంతా పనిచేసి అప్పుడే కన్నుమూసినవాడా? ఆ చిన్న బెల్ మీదే పెద్ద గొడవలు అవుతాయి.

వీలైతే వాళ్ళు ఇప్పుడున్న రూమ్‌లోనే కలవండి. "ఇటువైపు వస్తున్నా, ఒకసారి కలుద్దామా" అని అదే రోజు చెప్పి వెళ్తే మంచిది. బాత్రూమ్ వాడుకుంటానని అడగండి. నేల తడి, బకెట్ అంచు, సింకు: ఈ మూడూ గంటసేపటి ఇంటర్వ్యూ కంటే ఎక్కువ చెప్తాయి.

అమ్మాయిలకి అదనంగా: మొదటిసారి పగటిపూట, కెఫేలోనో మాల్‌లోనో కలవండి, ఒక స్నేహితురాలిని వెంట తీసుకెళ్ళండి. ముందు వీడియో కాల్ చేయండి, అమ్మాయి పేరుతో బ్రోకర్లు మాట్లాడటం ఉంది. మీరే వాళ్ళ ఫ్లాట్‌లోకి వెళ్తుంటే రాత్రి క్యాబ్ గేటు దాకా వస్తుందా, వీధిలో లైట్లున్నాయా, చీకటి పడ్డాక ఒకసారి చూడండి. ప్రకటన చూసి పిచ్చి మెసేజ్‌లు పెట్టేవాళ్ళ స్క్రీన్‌షాట్లు దాచుకుని తెలంగాణ పోలీసుల షీ టీమ్స్‌కి పంపండి.

7. చెప్పింది నిజమో కాదో చూసుకోండి

కంపెనీ ఐడీ, లింక్డ్‌ఇన్, మాస్క్‌డ్ ఆధార్ పరస్పరం చూపించుకోండి. మీరు చూపించి అడిగితే ఎవరూ నొచ్చుకోరు. జిరాక్స్ ఇస్తే దాని మీద ఎందుకిచ్చారో, తేదీతో అడ్డంగా రాసివ్వండి.

పాత రూమ్మేట్ ఒకరి నంబరు తీసుకుని మాట్లాడండి. "ఎలాంటివాడు?" అని అడిగితే "మంచోడే అన్నా" అంటారు, ఎవరు చెడు చెప్తారు? "మీకు వీలుంటే మళ్ళీ అతనితో ఉంటారా?" అని అడగండి. జవాబు కంటే ముందు వచ్చే ఆలస్యాన్ని వినండి.

8. ఒక పేజీ రాసుకోండి

అద్దె అగ్రిమెంటు వేరు, ఈ పేజీ వేరు. అగ్రిమెంటులో అందరి పేర్లూ ఉండేలా చూడండి. ఒక్కరి పేరే ఉంటే ఓనర్ ముందు బాధ్యతంతా వాళ్ళదే, మిగతావాళ్ళకి రుజువు లేదు. మామూలుగా 11 నెలలకే రాస్తారు. పాత పన్ను విధానంలో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు తీసుకునేవాళ్ళకి మీ వాటా అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనర్ పాన్ కావాలి. ఇల్లు తీసుకునే ముందే అడగండి, జనవరిలో ఆఫీసు వాళ్ళు ప్రూఫ్‌లు అడిగినప్పుడు కాదు.

మీ మధ్య రాసుకునే పేజీలో ఇవి చాలు: ఎవరి గదికి ఎంత, డబ్బు ఎన్నో తారీఖుకల్లా, ఓనర్‌కి ఎవరు పంపుతారు, అడ్వాన్సులో ఎవరి వాటా ఎంత, అతిథులు వరుసగా ఎన్ని రోజులు, సంక్రాంతికో దసరాకో ఊరెళ్ళి పది రోజులు లేకపోయినా ఏ ఖర్చులు కట్టాలి, ఎన్ని రోజుల ముందు ఖాళీ నోటీసు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కలిసి కొంటే తర్వాత ఎవరికి? నా సలహా, కలిసి కొనొద్దు. ఒకరు ఫ్రిజ్, ఒకరు వాషింగ్ మెషీన్ కొనుక్కోండి, లేదా అద్దెకి తెచ్చుకోండి. స్టాంపు పేపర్ అక్కర్లేదు, వాట్సాప్ గ్రూపులో పెట్టి అందరూ "ఓకే" అంటే సరిపోతుంది.

వేరే దారులు

స్నేహితుడితోనే ఉండాలనుకుంటే ఉండండి, కానీ ఆరో మెట్టులోని ప్రశ్నలు వాడినీ అడగండి. "మనకి మనకి అడగడమేంట్రా" అనే చోటే డబ్బు దగ్గర మాట పడిపోతుంది.

ఉన్న ఫ్లాట్‌లోకి రీప్లేస్‌మెంట్‌గా వెళ్ళడం ఖర్చు తక్కువ దారి. వెళ్ళేవాడికి అడ్వాన్స్ ఇచ్చే ముందు ఓనర్‌తో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడండి: మీరు వస్తున్నట్టు ఆయనకి తెలుసా, ఆ అడ్వాన్స్ ఇకపై మీ పేరు మీద ఉన్నట్టు ఒప్పుకుంటారా, పాత బాకీలున్నాయా. ఇది చేయకపోవడం వల్ల నష్టపోయినవాళ్ళు చాలామంది.

ఎవరూ నచ్చకపోతే ఒక నెల పీజీలో గడిపి మళ్ళీ వెతకండి. ఖాళీ గది అద్దె ఒక నెల భరించడం, సరిపడని మనిషితో పదకొండు నెలలు భరించడం కంటే చౌక.

ఎక్కువగా జరిగే తప్పులు

మొదటివాడికే ఓకే చెప్పడం. కనీసం ఇద్దరు ముగ్గురిని చూడకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.

ఖర్చులు నోటిమాట మీద నడపడం. స్ప్లిట్‌వైజ్ లాంటి యాప్‌లో కొన్న రోజే ఎక్కించండి. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే పాల ప్యాకెట్లు ఎప్పుడూ ఎదుటివాడి లెక్కలో తగ్గుతాయి.

చిన్న విషయమని ఊరుకోవడం. తడి టవల్ మంచం మీద వేస్తే మొదటిసారే చెప్పండి. మూడు నెలలు మింగి నాలుగో నెల కరెంటు బిల్లు మీద అరిస్తే, అవతలివాడికి ఎందుకు తిట్టారో అర్థం కాదు.

9. నెల తర్వాత పరీక్షించుకోండి

అద్దె అడక్కుండానే వచ్చిందా? వంటిల్లు రాత్రి పడుకునేముందు వాడుకునేలా ఉందా? ఒక చిన్న అభ్యంతరం చెప్తే వారంలో ఏమైనా మారిందా? ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే "రూమ్మేట్ ఈపాటికి పడుకుని ఉంటే బాగుణ్ణు" అనిపిస్తోందా? మొదటి మూడింటిలో రెండు అవుననీ, చివరిది కాదనీ వస్తే జోడీ కుదిరినట్టే. చెప్పాక కూడా ఏదీ మారకపోతే రెండో నెలలోనే కూర్చుని మాట్లాడండి. అలవాటైపోతుందిలే అనుకుంటే అలవాటయ్యేది చిరాకే.

10. విడిపోయేటప్పుడు

నెల ముందు చెప్పాలి, రీప్లేస్‌మెంట్‌ని వెళ్ళేవాళ్ళే వెతకాలి, కానీ ఎవరిని తీసుకోవాలో తేల్చేది ఉండేవాళ్ళు. ఇది రాసుకున్న పేజీలో ఉంటే పేచీ ఉండదు. కొత్తవాళ్ళు ఇచ్చే అడ్వాన్స్ వెళ్ళేవాళ్ళకి అందాక ఓనర్‌కి మెసేజ్ పెట్టి ఆయన "సరే" తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఓనర్ ఎంత పట్టుకుంటారో అగ్రిమెంటులో చూసి, ఆ వాటా మధ్యలో వెళ్ళేవాళ్ళ నుంచి కూడా ఇప్పుడే తగ్గించండి. చివరిగా ఉన్నవాళ్ళ మీద మొత్తం పడటం చాలా ఫ్లాట్లలో జరిగేదే. వెళ్ళే రోజు కరెంటు మీటర్ రీడింగ్, గది గోడలు ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, మెయిన్ డోర్ తాళంచెవి తీసుకోండి, డూప్లికేట్ చేయించుకుని ఉంటే అది కూడా.